పక్కింటి మామ్మగారి మీద జోకులు రాశాను, ఇప్పుడు ఆవిడకి ఎదురుపడలేకపోతున్నాను

జపాన్‌లోని ఒసాకా నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, ఊరు పేరు వేసుకోవచ్చన్నారు. చాలా పెద్ద ఉత్తరం, కుదించి చెప్తాను.

ఆవిడది ఏలూరు దగ్గర పల్లెటూరు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పెళ్ళికి ముందు ఆవిడా హైదరాబాద్‌లో ఉద్యోగం చేశారు, ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు. ఒకటో తరగతి చదివే పాప ఉంది. జపాన్ వెళ్ళిన కొత్తలో పలకరించే మనిషి లేక, రోజూ కళ్ళబడే వింతల్ని ఫేస్‌బుక్‌లో తెలుగులో రాయడం మొదలుపెట్టారు. ఏలూరులో మామగారు వాటిని ఆదివారం పూట ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తారట. చదివేవాళ్ళు పెరిగారు. "ఈ వారం ఏం లేదా అండీ?" అని అడిగేవాళ్ళూ వచ్చారు.

ఏం రాస్తారంటే: చిన్న కొట్లో కౌంటర్ దగ్గరి అమ్మాయి అడిగే ప్రతి ప్రశ్నకీ అర్థం కాకపోయినా అవునని తలూపి, అక్కర్లేని సంచికి డబ్బులు కట్టి, ముగ్గురికి సరిపడా తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) తెచ్చుకోవడం. మొదట్లో టోక్యోలో ఉండి, అక్కడ ఎస్కలేటర్ మీద ఎడమవైపు నిలబడటం అలవాటై, ఒసాకాలో అందరూ కుడివైపు నిలబడతారని తెలియక వెనక పెద్ద క్యూ ఆపేయడం. టాయిలెట్‌లో మీట నొక్కితే నీళ్ళ చప్పుడు మాత్రమే వినిపించే యంత్రం చూసి, ప్లంబర్‌ని పిలవాలనుకోవడం. నూజివీడు రసాలు బకెట్ నీళ్ళలో వేసుకుని లెక్క లేకుండా తిన్న మనిషి, పెద్ద షాపు బేస్‌మెంట్‌లో మియజాకి మామిడిపండు ఒక్కటే వలతొడుగు వేసుకుని మెత్తటి పెట్టెలో పసిబిడ్డలా పడుకుని ఉండటం, దాని ధర వేల యెన్‌లలో ఉండటం చూసి, దణ్ణం పెట్టి వచ్చేయడం.

పాప పసుపు టోపీ పెట్టుకుని తోటిపిల్లలతో కలిసి నడిచి బడికి వెళ్తుంది. ఈవిడ మనసు ఒప్పక కరెంటు స్తంభాల చాటున నక్కుతూ వెనకాలే వెళ్ళేవారు. రోడ్డు దగ్గర చిన్న జెండా పట్టుకుని పిల్లల్ని దాటించే తాతగారు అన్నీ చూస్తూనే ఉన్నారు. ఒకరోజు పిల్లలందర్నీ దాటించాక ఆయన వెనక్కి తిరిగి, స్తంభం వైపు నవ్వి, జెండా అడ్డంపెట్టి ఈవిణ్ణి కూడా దాటించారు.

అసలు కథ చెత్తతో వచ్చింది. ఖాళీ ఆవకాయ సీసాని మామూలు చెత్తలో పడేస్తే, మునిసిపాలిటీవాళ్ళు ఆ సంచి తీసుకెళ్ళకుండా దానికి ఒక స్టిక్కర్ అంటించి వెళ్ళారు. పక్కింటి మామ్మగారు చూశారు. చిరుతపులి మచ్చల జాకెట్టు వేసుకున్న ఆ మామ్మగారు చేతులకి గ్లవ్స్ తొడుక్కుని మెట్ల మీద కూర్చున్నారు. సంచి విప్పి, సీసా వేరు, మూత వేరు, ప్లాస్టిక్ కవర్లు వేరు చేసి చూపించారు. సీసా కడిగించారు. కడగబోయే ముందు ఒకసారి వాసన చూసి, కళ్ళు పెద్దవి చేసి, ఇదేమిటని అడిగారు. ఆ క్షణంలో ఈవిడ ఫోటో తీశారు. "చెత్త పరీక్షలో తప్పాను, టీచర్ వీరే" అని పెట్టిన ఆ పోస్టు ఎక్కడెక్కడికో పోయింది. ఆ తర్వాత మామ్మగారు చాలా పోస్టుల్లోకి వచ్చారు. ఆవిడ జాకెట్లు, గొడుగు తగిలించుకోవడానికి ఆవిడ సైకిల్‌కి ఉన్న స్టాండు, లిఫ్టులోంచి దిగుతూ పెట్టే దండాలు, అన్నీ.

ఇప్పుడు మూడు దెబ్బలు ఒకేసారి తగిలాయి. ఆఫీసులో ఒక తెలుగు సహోద్యోగి "మీ మిసెస్ పోస్టులు సూపర్" అనడంతో భర్తకి టెన్షన్ పట్టుకుంది. "వాళ్ళ ఉప్పు తింటూ వాళ్ళని వెక్కిరిస్తున్నావని ఎవరైనా మా మేనేజర్‌కి చెప్తే? మానెయ్" అన్నారు. రెండోది, ఆ ఫోటో చేతులు మారి మామ్మగారి మనవరాలి ఫోన్‌కి చేరింది. మామ్మగారికి తెలుగు రాదు. కానీ ఫోటో కింద వరసగా ఉన్న పగలబడి నవ్వే బొమ్మలకి భాష అక్కర్లేదు కదా. లిఫ్టులో అడిగారు, "నన్ను చూసి ఇంతమంది ఎందుకు నవ్వుతున్నారు? ఏం రాశావు?" అని. ఈవిడ తడబడి, "మీరు చాలా మంచివారని రాశాను" అన్నారు. మామ్మగారు సరేనని తలూపి, సంచీలోంచి ఒక చాక్లెట్ బిళ్ళ తీసి చేతిలో పెట్టి, ఇంట్లోకి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి మా పాఠకురాలు లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నారు. మూడోది, పాప అడిగిన మాట: "అమ్మా, మా వాళ్ళని చూసి నువ్వెందుకు నవ్వుతావు?"

"నవ్వడమే తప్పా? రాయడం మానేయాలా? మామ్మగారికి నిజం చెప్పాలా, వదిలేయాలా? ఆ బిళ్ళ ఇచ్చింది కోపంతోనా, ప్రేమతోనా?" ఇవీ ప్రశ్నలు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మీరు ఎక్కువ నిద్ర పోగొట్టుకుంటున్నది దానిమీదే అనిపిస్తోంది. ఒసాకా పెద్దావిడల సంచీలో ఎప్పుడూ బిళ్ళలుంటాయి, రైల్లో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా ఇస్తారు. ఇది జపాన్ అంతటా ఒసాకావాళ్ళ గురించి చెప్పుకునే విషయమే. కాబట్టి దాంట్లో కోపమూ వెతకొద్దు, క్షమాపణా వెతకొద్దు. అది అలవాటు. ఆవిడ మనసులో ఏముందో ఆవిడ చెప్తేనే తెలుస్తుంది. మీరు మెట్లెక్కుతున్నంతకాలం ఆవిడకి ఆ అవకాశం రాదు. పైగా ఆవిడ ప్రశ్నకి ఇప్పుడు మీ కాళ్ళు జవాబు చెప్తున్నాయి. ఎందుకు నవ్వారని అడిగిన మర్నాటి నుంచి లిఫ్టులో కనబడని మనిషి గురించి ఎవరైనా ఏమనుకుంటారు?

ఇక నవ్వు సంగతి. మీ ఉత్తరం చదువుతూ నేను గట్టిగా నవ్విన చోట్లు జెండా తాతగారి దగ్గర, ప్లంబర్ దగ్గర. రెండు చోట్లా నవ్వులపాలైంది మీరు. తాతగారు అందులో మీకంటే తెలివైనవారు, ఆయనే మిమ్మల్ని ఆటపట్టించారు. చెత్త పోస్టులో కూడా మీరు రాసిన మాటల వరకూ చూస్తే తప్పిన విద్యార్థి మీరే. కానీ ఫోటోలో ఉన్నది ఎవరు? ఆవిడ. జనం వాక్యం చదవరు, బొమ్మ చూస్తారు. చిరుతపులి జాకెట్టు, గ్లవ్స్, చేతిలో సీసా, నవ్వే బొమ్మలు. మీరు మీ మీద వేసుకున్న జోకు ఫోటో వల్ల వెళ్ళి ఆవిడ మీద పడింది. ఆ తర్వాతి పోస్టుల్లో మాత్రం, జాకెట్లూ దండాలూ అని రాసినచోట, ఫోటో మీద నెపం పెట్టడానికి లేదు. అక్కడ మీరు అసలు లేరు. గట్టున కూర్చుని చూస్తున్నారు.

అందుకని ఫోటోనీ, రాతనీ విడదీసి ఆలోచించండి. ఫోటో విషయంలో నాకు పెద్ద సందేహం లేదు. జపాన్‌లో అమ్మే ఫోన్లలో చాలావాటికి కెమెరా నొక్కితే చప్పుడు వస్తుంది, సైలెంట్‌లో పెట్టినా వస్తుంది. ఎదుటివాళ్ళకి తెలియకుండా ఫోటోలు తీయకూడదనే ఆ ఏర్పాటు. పోలీసులు తీసిన ఒక ఫోటో గురించిన కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది, ఒప్పుకోకుండా తన ముఖాన్ని ఊరికే ఫోటో తీయనివ్వకుండా ఉండే స్వేచ్ఛ మనిషికి ఉందని. మీరిప్పుడు ఆ ఫోటో తీసేసినా పంచుకున్నవాళ్ళ దగ్గర ఉంటుంది, అది నిజమే. కానీ రేపు ఆవిడ మళ్ళీ అడిగితే "తీసేశాను" అనగలగడానికీ, "ఇంకా ఉంది" అనడానికీ చాలా తేడా ఉంది.

రాత దగ్గరికొస్తే మీ ముందు రెండు మూడు దారులున్నాయి. పూర్తిగా మానేయొచ్చు. మీవారికి మనశ్శాంతి, పాపకి సంతోషం. మీకు? రాత పోయాక ఆ ఖాళీలో ఏముంటుందో ఆలోచించుకోండి. మీ ఉత్తరం నేను రెండోసారి చదివింది అందుకే. ఇందులో ఏలూరులో చదివే మామగారున్నారు, ఎక్కడెక్కడో ఉన్న పాఠకులున్నారు. ఒసాకాలో మీరు పేరు పెట్టి పలకరించే మనిషి అంటూ ఉన్నది మామ్మగారు ఒక్కరే. ఇప్పుడు తప్పించుకు తిరుగుతున్నదీ ఆవిడనే. రాయడం మానేసి, ఆవిడనీ పోగొట్టుకుంటే మిగిలేది నాలుగు గోడలు.

లేదూ, చదివేవాళ్ళని తగ్గించుకుని ఇంటివాళ్ళ వరకే పంపుకోవచ్చు. కానీ ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టింది సాయంత్రానికి ఊరంతా తిరుగుతుందని మీకు నేను చెప్పాలా? మామగారే పంపుతారు, గర్వంగా.

మూడోది, రాస్తూనే ఉండటం, కానీ మీరు గట్టు దిగి కథలోకి రావడం. ఇది తేలికని అనుకోకండి. లైకులు తగ్గుతాయి. మీ పోస్టుల కింద వచ్చే మాటలు మీరే రాశారు: సగం మంది "వీళ్ళకి పిచ్చండీ బాబూ" అంటారు, మిగతా సగం "మన దేశం ఎప్పుడు బాగుపడుతుందో" అంటారు. ఈ రెండు రకాలవాళ్ళూ జపాన్ గురించి మాట్లాడటం లేదు. ఒకరికి వింతజంతువు కావాలి, ఇంకొకరికి మనల్ని తిట్టడానికి కర్ర కావాలి. మీరు చెప్పేది కొంచెం లోతుకి వెళ్తే ఇద్దరూ జారుకుంటారు.

లోతు అంటే ఏమిటో మీ పోస్టుతోనే చెప్తాను. రైలు 25 సెకన్లు ముందు బయల్దేరినందుకు కంపెనీ క్షమాపణ చెప్పిందని మీరు సరదాగా రాశారు. నిజమే, 2018లో మీకు దగ్గర్లోనే, షిగా ప్రిఫెక్చర్ అనే ప్రాంతంలో జరిగింది. ప్రపంచమంతా నవ్వుకుంది. కానీ అదే ఒసాకా ప్రాంతంలో, 2005 ఏప్రిల్ 25న, అమగసాకి దగ్గర ఒక లోకల్ రైలు వంపు తిరిగేచోట పట్టాలు తప్పి అపార్ట్‌మెంట్‌ని గుద్దుకుంది. డ్రైవర్‌తో కలిపి 107 మంది పోయారు. రైలు నిమిషంన్నర దాకా ఆలస్యంగా నడుస్తోంది. వంపు దగ్గర ఉండాల్సినదానికంటే చాలా వేగంగా వెళ్ళింది. చిన్న ఆలస్యాలకి డ్రైవర్లని శిక్షణ పేరుతో అవమానించే పద్ధతి ఉండేదనీ, ఆ భయం కూడా ఒక కారణమనీ తర్వాత విచారణలో వచ్చింది. మీ మామ్మగారి వయసువాళ్ళకి అది నిన్నటి సంగతి. ఇది తెలిశాక 25 సెకన్ల క్షమాపణ మీద జోకు వేయకూడదని కాదు. వేస్తారు, కానీ వేరే జోకు వేస్తారు. స్టేషన్లలో చెత్తబుట్టలు కనబడవని, అరటితొక్క సంచీలో పెట్టుకుని ఊరంతా తిరిగానని రాసిందీ అంతే. 1995లో టోక్యో మెట్రోలో విషవాయువు దాడి జరిగాక చాలా బుట్టలు తీసేశారు. తొక్క కథ అలాగే ఉంటుంది, దాని పక్కన ఒక వాక్యం చేరుతుంది.

ఇక్కడ మీ అదృష్టం ఒకటుంది, మీరున్నది ఒసాకా. టోక్యోవాళ్ళని అడిగితే ఒసాకావాళ్ళు వాగుడుకాయలంటారు, నవ్వించకుండా ఉండలేరంటారు. ఇద్దరు నిలబడి ఒకరు తిక్కగా మాట్లాడుతుంటే ఇంకొకరు దెప్పిపొడిచే మన్‌జాయ్ హాస్యానికి అది పుట్టిల్లు లాంటిది. యోషిమోతో అనే హాస్య ప్రదర్శనల సంస్థ అక్కడ 1912లో మొదలై ఇప్పటికీ నంబాలో రోజూ జనాన్ని నవ్విస్తోంది. కథ చెప్పి ఊరుకుంటే "ఇంతకీ చివరి చమక్కు ఏదీ?" అని అడిగే ఊరు అది. అక్కడ నవ్వులపాలవడం అవమానం కాకపోవచ్చు, కానీ తన వంతు రాకపోవడం అవమానం. మన్‌జాయ్‌లో రెండో మనిషి జవాబివ్వాలి. మీరు మామ్మగారికి అర్థంకాని భాషలో రాసి, ఆవిడకి ఆ వంతు లేకుండా చేశారు. నాకు తోచిన అసలు చిక్కు ఇదే.

అయితే వెళ్ళి చెప్పాలా? చెప్తే ఏమవుతుందో రెండు రకాలుగా ఊహించుకోండి. ఆవిడ పగలబడి నవ్వి, "జాకెట్టు గురించి ఇంకా బాగా రాయొచ్చు" అని మీ జోకు దిద్దొచ్చు. లేకపోతే మర్యాదగా విని, మర్యాదగా తలవంచి, పలకరింపులు మామూలుగా సాగుతూ, డబ్బా మాత్రం ఆగిపోవచ్చు. ఆ డబ్బా సంగతి పాఠకులకి చెప్పలేదు. మొదటి ఏడాది ఈవిడ పులిహోర పంపిన స్టీలు డబ్బా మర్నాడు నారింజపళ్ళతో తిరిగొచ్చింది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని ఇక్కడా పద్ధతే, అక్కడా పద్ధతే, కాబట్టి ఎవరూ ఆపలేక ఆ డబ్బా ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఇప్పుడు అది ఎవరింట్లో ఉందో మీరు రాయలేదు. మీ దగ్గరుంటే వెళ్ళడానికి సాకు దొరికినట్టే. ఖరీదైన బహుమతి మాత్రం పట్టుకెళ్ళకండి. అందుకు తగ్గట్టు తిరిగివ్వాలని ఆవిడకి బరువవుతుంది.

సగం చెప్పే దారి కూడా ఉంది. "అడక్కుండా మీ ఫోటో పెట్టాను, తీసేశాను, క్షమించండి" అని అంతవరకే. ఇది నిజాయితీ తక్కువేం కాదు, మీ జపనీస్‌కి అందే మాట కూడా. కానీ "ఏం రాశావు?" అని ఆవిడ రెండోసారి అడిగితే "మంచివారని రాశాను" అన్న జవాబు మళ్ళీ చెప్పలేరు. దానికి సిద్ధపడి వెళ్ళండి.

మీవారి భయం కొట్టిపారేసేది కాదు. పరాయి దేశం, ఉద్యోగం మీద వీసా, ఆఫీసులో నలుగురూ తెలిసినవాళ్ళు. కానీ "మానెయ్" అన్న మాటలో భయమెంత, సిగ్గెంత అని విడదీయమని ఆయన్నే అడగండి. ఆఫీసు విషయాలు, ఆయన పేరు, ఆయనతో పనిచేసేవాళ్ళ ప్రస్తావన రాకుండా చూసుకుంటానంటే చాలా? లేక అసలు మీరు నలుగురికీ తెలియడమే ఇబ్బందా? మొదటిదైతే హద్దులు గీసుకోవచ్చు. రెండోదైతే అది పోస్టుల గొడవ కాదు, హైదరాబాద్‌లో సొంత జీతం తెచ్చుకున్న మనిషి ఒసాకాలో ఫలానావారి మిసెస్‌గా మిగలడం గురించి. అది వేరే కూర్చుని మాట్లాడుకోవాల్సింది. ఆయనకి చెప్పకుండా వేరే పేరుతో రాసే ఆలోచన ఉందని చివర్లో ఒక ముక్క రాశారు. మళ్ళీ ఆ సహోద్యోగే వచ్చి చెప్తాడు, అప్పుడు మీ మాట వినేవాళ్ళు ఎవరూ ఉండరు.

పాప మాటకి నా దగ్గర గొప్ప జవాబేం లేదు. తను రోజులో ఎక్కువసేపు వాళ్ళ మధ్యే ఉంటుంది, వాళ్ళ పాటలే పాడుతుంది, కాబట్టి వాళ్ళు తన వాళ్ళే. మీరు అది సరిదిద్దబోకండి. "నేను వెక్కిరించట్లేదమ్మా" అని లెక్చర్ ఇవ్వడం కంటే, మన ఇంట్లో నీకు నవ్వొచ్చేది ఏమిటని అడిగి చూడండి. రైల్లో ఫోన్ మోగితే మీరు గుసగుసగా మాట్లాడుతున్నాననుకుంటూ పెట్టెకంతటికీ వినిపించేలా "ఆఁ అమ్మా, వినబడుతోందా" అనడం తను చూసే ఉంటుంది. తన లిస్టు పొడుగ్గానే ఉంటుంది, కొన్ని గుచ్చుకుంటాయి కూడా. తను ఒప్పుకుంటే వాటిని రాయండి. ఏలూరులో మామగారికి కొత్త సరుకు దొరుకుతుంది.

ఒసాకాలో పెద్దవాళ్ళకి జపనీస్ చదవడం రాయడం నేర్పే వాలంటీర్ల క్లాసులు చాలా చోట్ల నడుస్తాయి. మీ వార్డు ఆఫీసులో అడిగితే చెప్తారు. జపాన్‌వాళ్ళు తమ మీద తాము ఎంత నవ్వుకుంటారో భాష కొంచెం పట్టుబడ్డాక మీకే తెలుస్తుంది. ఆఫీసు ఉద్యోగుల కష్టాల మీద 5-7-5 అక్షరాల వరసలో చమత్కార పద్యాలు రాసే పోటీని ఒక బీమా కంపెనీ 1987 నుంచి నడుపుతోంది. భార్య చేతిలో చీవాట్లు, బాసు, పొట్ట, మతిమరుపు, అన్నీ అందులో ఉంటాయి. మామ్మగారితో కూర్చుని అలాంటివి చదివితే మీ పోస్టులకి ఒక సహరచయిత్రి దొరకొచ్చు. దొరక్కపోనూ వచ్చు.

వెళ్ళాలనుకుంటే మనవరాలు ఇంట్లో ఉన్న రోజు చూసుకుని వెళ్ళండి. ఫోన్‌లో యంత్రం చేసిన అనువాదం చూపించొద్దు, అది మీ మాటల్లోని ముద్దు తీసేసి వెక్కిరింపు ఒక్కటే మిగల్చగలదు. చెత్త పోస్టుని మీకొచ్చిన జపనీస్‌లో, చిన్నచిన్న వాక్యాల్లో, మీరే చెప్పండి. ఎక్కడైనా ఆగిపోతే మనవరాలు అందిస్తుంది.